ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మంచి హెడ్ కోచ్‌ని దేన్నిబట్టి గుర్తుపట్టాలి?

అందరికీ నమస్కారం. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి. డాలస్ వచ్చాక ఆఫీసువాళ్ల పుణ్యమా అని ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికాలోని ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) అలవాటైంది. రూల్స్ దాదాపు వచ్చేశాయి గానీ, హెడ్ కోచ్ గొప్పవాడని ఎలా తేలుస్తారో అంతుబట్టడం లేదు.

గెలుపోటములే కొలత అనుకుందామా? బిల్ బెలిచిక్ అనే కోచ్ క్లీవ్‌లాండ్‌లో ఐదు సీజన్లలో 36 మ్యాచ్‌లు గెలిచి 44 ఓడాడు. అదే మనిషి న్యూ ఇంగ్లాండ్‌లో ఆరు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచాడు. అక్కడి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) టామ్ బ్రేడీ వెళ్లిపోయాక అక్కడ ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఇంకో కోచ్ ఆండీ రీడ్‌కి ఫిలడెల్ఫియాలో 14 సీజన్లున్నా టైటిల్ రాలేదు, కాన్సాస్ సిటీలో క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ దొరికాక మూడొచ్చాయి. మరి ఇందులో కోచ్ వాటా ఎంత, క్వార్టర్‌బ్యాక్ వాటా ఎంత?

నిర్ణయాలు చూద్దామంటే అదీ తేలదు. 2024 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో మీద డెట్రాయిట్ సగం ఆటకి 24-7తో ముందుంది. తర్వాత డెట్రాయిట్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్ ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవడం) కొట్టే వీలున్నా రెండుసార్లు ఫోర్త్ డౌన్‌లో (నాలుగో, ఆఖరి ప్రయత్నంలో) ఆడించాడు. రెండూ పోయాయి, 34-31తో ఓడారు. మా ఆఫీసులో సగం మంది దాన్ని ధైర్యం అంటారు, మిగతావాళ్లు తిట్టిపోస్తారు. నాకైతే ఆ బంతులు పట్టుంటే అందరూ మెచ్చుకునేవాళ్లే అనిపిస్తుంది.

ఇంకోటి, కొందరు హెడ్ కోచ్‌లు ప్లేలు (ప్రతిసారీ ఏ ఎత్తు వేయాలో) తామే చెప్తారు, కొందరు కోఆర్డినేటర్లకి (దాడి, డిఫెన్స్ చూసుకునే సహాయ కోచ్‌లకి) వదిలేస్తారు. వదిలేసినవాళ్ల పనితనం మ్యాచ్‌లో ఎక్కడ కనిపిస్తుంది? టైమవుట్లలోనా, హాఫ్‌టైమ్ తర్వాత మార్పుల్లోనా? ఏళ్లుగా చూస్తున్నవాళ్లు కాస్త చెప్పండి.