బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అయిపోయింది, ఇప్పుడు కాప్రికా చూడొచ్చా?

అందరికీ నమస్కారం. మాది కావలి. నేనూ మా తమ్ముడూ రెండు నెలలుగా రాత్రి అన్నం తిన్నాక మిద్దె మీద చాప వేసుకుని ల్యాప్‌టాప్‌లో బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా చూశాం. 2004లో మొదలై 2009లో ముగిసిన సైన్స్ ఫిక్షన్ సిరీస్. సైలాన్లనే యంత్రాలు మనుషుల మీద తిరగబడితే, మిగిలినవాళ్లు అంతరిక్ష ఓడల్లో పారిపోయే కథ. 33 నిమిషాలకోసారి సైలాన్లు వచ్చి మీద పడే ఎపిసోడ్ చూసిన రోజు ఇద్దరికీ నిద్ర పట్టలేదు. అంత టెన్షన్.

మొన్న ఆఖరి భాగం చూశాం. పచ్చిక మైదానంలో పైలట్ లీ మాట్లాడుతూ ఇటు తిరిగేసరికి తోటి పైలట్ స్టార్‌బక్ ఉండదు. అంతే, మాయం. చనిపోయిన మనిషి ఎలా తిరిగొచ్చింది, అసలు ఆమె ఎవరు, ఒక్క ముక్క తేల్చి చెప్పలేదు. తమ్ముడు ల్యాప్‌టాప్ టక్కున మూసి, మాట్లాడకుండా కిందికి దిగిపోయాడు. నాకైతే అధ్యక్షురాలు రోజ్లిన్ సమాధి పక్కన ఓడల దళపతి అడామా కూర్చున్న సీన్‌కి ఏడుపొచ్చింది. కానీ కొత్త గ్రహం మీద బతకడానికి ఓడలన్నీ సూర్యుడిలోకి పంపేసి, ఉన్న వైద్యమంతా వదులుకోవడం నేనూ ఒప్పుకోలేను. చంటిబిడ్డల తల్లి ఒక్కరైనా వద్దనరా?

ఇప్పుడు నా సందేహం దీనికి ముందు కథగా తీసిన కాప్రికా సిరీస్ గురించి. 2010లో వచ్చింది, కథ 58 ఏళ్లు వెనక్కి వెళ్తుంది, ఒక్క సీజన్‌తో ఆపేశారు. అది కాస్తయినా ఒక కొలిక్కి వస్తుందా, సగంలో తెగిపోతుందా? కుర్ర అడామా కథ బ్లడ్ అండ్ క్రోమ్ ముందు చూస్తే మేలా? తమ్ముడు ‘మళ్లీ మోసపోతాం’ అంటున్నాడు. వాడితో కలిసి చూడటమే నాకు ముఖ్యం. చూసినవాళ్లు కథ బయటపెట్టకుండా చెప్పండి. ఆదివారం వాడికి సెలవు, ఆలోపు చెబితే ఇంకా మంచిది.