వెనక కాళ్లు పడిపోయిన కుక్కకు పీవీసీ బండి: తొడల దగ్గర ఒరుసుకుపోతోంది, ఏం మార్చాలి?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నల్గొండ. ఇంట్లో నాలుగు ప్రాణాలు: చూపు లేని ముసలి కుక్క, మూడు కాళ్ల మేకపిల్ల, పుట్టుకతోనే తూలుతూ నడిచే పిల్లి (చిన్నమెదడు సరిగ్గా ఎదగలేదు, ముదిరే జబ్బు కాదు), నడుము దెబ్బతిని వెనక కాళ్లు పడిపోయిన 14 కిలోల ఊరకుక్క. ప్రశ్న ఈ చివరిదాని గురించే.

బండికి ముప్పావు అంగుళం పైపు, 8 అంగుళాల చక్రాలు వాడాం. ఇరుసు తుంటికి సరిగ్గా కింద ఉంది. రెండంగుళాలు వెనక్కి జరిపితే భారమంతా ముందు కాళ్ల మీద పడుతోంది, ముందుకు జరిపితే ఛాతీ పట్టీ పైకి లేస్తోంది. కాబట్టి తేడా ఇరుసుది కాదనుకుంటున్నాం.

తొడ సందుల్లో ఆనే కమ్మీకి సైకిల్ ట్యూబు చుట్టాం. ఇరవై నిమిషాలకే చర్మం ఎర్రబడుతోంది. ట్యూబు కింద చెమ్మ ఆరదు, నూలు గుడ్డ చుడితే తడి పీల్చి అలాగే ఉంచుతుంది. మూత్రం ఆరు గంటలకోసారి పొట్ట నొక్కి తీస్తున్నాం, డాక్టరు గారే దగ్గరుండి నేర్పారు. పూర్తిగా ఖాళీ కాని రోజున కారి, ఆ తడికే చర్మం నానుతోంది. జింకు ఉన్న పూతలు మాత్రం చెప్పకండి, నాకితే విషం.

కమ్మీకి ఏం చుడితే మే ఎండల్లోనూ తడి నిలవదు? కమ్మీ బదులు వెడల్పు పట్టీలు పెట్టినవాళ్లు ఎన్ని అంగుళాలవి పెట్టారు? ఇంట్లో షాబాద్ బండల మీద ఈడ్చుకుంటూ తిరిగేటప్పుడు కాళ్లకు ఏ గుడ్డ సంచి ఎక్కువ రోజులు ఆగుతుంది? జర చెప్పండి.