అయాన్ ఇంజిన్‌కి ఆటలో 2 కిలోన్యూటన్ల థ్రస్ట్ ఇవ్వడం సబబేనా?

కక్ష్య_రాత్రులు

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ (రాకెట్లు కట్టి అంతరిక్షంలోకి పంపే కంప్యూటర్ ఆట) ఆడేవాళ్లకి ‘డాన్’ ఇంజిన్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇది అయాన్ ఇంజిన్, అంటే జినాన్ గ్యాసుని కరెంటుతో వెనక్కి చిమ్మి నడుస్తుంది. స్పెసిఫిక్ ఇంపల్స్ (ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే అంకె) 4,200 సెకన్లు, థ్రస్ట్ (తోపు) 2 కిలోన్యూటన్లు. 2014 వరకు అర కిలోన్యూటనే ఉండేది, తర్వాత నాలుగింతలు చేశారు. అలా పెంచడం తప్పని నా వాదన.

దానికి పేరిచ్చిన అసలు డాన్ నౌకని 2007లో పంపారు. దాని ఇంజిన్ తోపు ఎక్కువలో ఎక్కువ 91 మిల్లీన్యూటన్లు. రెండు ఏ4 కాగితాలు అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువుంటుందో, దాదాపు అంతే. ఆ కాస్త తోపుతోనే మొత్తం 5.9 ఏళ్లపాటు ఇంజిన్ నడిపి, సెకనుకు 11 కిలోమీటర్లకు పైగా వేగం మార్చుకుంది. 2011లో వెస్టా అనే గ్రహశకలం కక్ష్యలో చేరింది. మరుసటి ఏడాది అక్కడి నుంచి బయల్దేరి 2015లో సెరిస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని చేరుకుంది. భూమి కాకుండా రెండు లోకాల చుట్టూ కక్ష్యలో తిరిగిన తొలి నౌక అదే.

ఇప్పుడు ఆట లెక్క చూడండి. 4,200 సెకన్ల ఇంపల్స్‌తో 2,000 న్యూటన్లు రావాలంటే, నష్టాలేవీ లేవనుకున్నా 41 మెగావాట్లు కావాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మొదట అమర్చిన సౌర పలకలు ఇచ్చేది 84 నుంచి 120 కిలోవాట్లు. మనమేమో నాలుగు పలకలు తగిలించి నడిపేస్తున్నాం. ఈ ఇంజిన్‌లో అసలు బిగువంతా కరెంటు దగ్గరే ఉంది. అది తీసేస్తే ఇక నేర్చుకునేదేముంది?

మోహో_ప్రయాణికుడు

లెక్క ఒప్పుకుంటాను అన్నా. కానీ ఆడేవాడి వైపు నుంచి కూడా చూడాలి కదా.

రెండు టన్నుల నౌక, 2,000 మీటర్ల డెల్టా-వి (అంటే సెకనుకు అన్ని మీటర్ల వేగం మార్పు) అనుకోండి. ఇప్పుడున్న థ్రస్ట్‌తోనే 33 నిమిషాల బర్న్, అంటే అంతసేపు ఇంజిన్ మండించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆట మామూలు టైమ్ వార్ప్ (కాలాన్ని వేల రెట్లు వేగంగా నడపడం) ఒప్పుకోదు, బలాలన్నీ లెక్కేస్తూ నడిచే నాలుగు రెట్ల ఫిజిక్స్ వార్పే దిక్కు. దాంతోనైనా ఎనిమిది నిమిషాలు స్క్రీన్ ముందు కూర్చోవాలి. పాత థ్రస్ట్ అయితే అరగంట పైన. నాకు ఆడటానికి దొరికేది పాప పడుకున్నాక ఒక గంట.

మోహోకి (ఆటలో సూర్యుడికి అతి దగ్గరి గ్రహం) వెళ్లినప్పుడు నా అనుభవం చెప్తాను. వంద కిలోమీటర్ల ఎత్తున కెర్బిన్ (ఆటలో మన భూమి లాంటి గ్రహం) కక్ష్యలో ఒక చుట్టు తిరగడానికి కూడా సుమారు 33 నిమిషాలే. అంటే బర్న్ మొత్తం ఒకేసారి చేస్తే నౌక కెర్బిన్‌ని ఒక చుట్టు చుట్టేస్తుంది, ముక్కు పెట్టిన దిక్కుకి అర్థమే ఉండదు. అందుకని పెరియాప్సిస్ (కక్ష్యలో గ్రహానికి అతి దగ్గరి చోటు) దగ్గర నాలుగైదు నిమిషాల చొప్పున ముక్కలు చేశాను. మూడో ముక్కలో నౌక నీడలోకి వెళ్లింది. సెకనుకు దాదాపు 9 యూనిట్ల కరెంటు తాగే ఇంజిన్ అది, నా బ్యాటరీ 400 యూనిట్లే. ముప్పావు నిమిషంలో నీలి మంట ఆరిపోయింది, నౌక చీకట్లో ఊరికే తిరుగుతూ ఉండిపోయింది. బ్యాటరీల విలువ నాకు ఆ రోజే తెలిసొచ్చింది. 2 కిలోన్యూటన్లు ఇచ్చినా నేర్చుకోవాల్సింది ఇంకా మిగిలే ఉంది.

సూళ్లూరుపేట_దాబా

మా ఇంటి దాబా మీద నుంచి శ్రీహరికోట ప్రయోగాలు కనిపిస్తాయి. 2017 మే 5 సాయంత్రం జీఎస్‌ఎల్‌వీ ఎగిరినప్పుడు కిటికీ అద్దాలు అదిరాయి. అది మోసుకెళ్లిన జీశాట్-9 ఉపగ్రహంలో కక్ష్యని సర్దుకోవడానికి విద్యుత్ థ్రస్టర్లు ఉన్నాయని తర్వాత చదివి చాలాసేపు ఆలోచించాను. పైకి చేర్చడానికి అంత గర్జన కావాలి, చేరాక నిలబెట్టడానికి చిన్న తోపు చాలు. ఈ రెండు పనుల తేడా ఆటలో తెలియాలి. 2 కిలోన్యూటన్ల ఇంజిన్‌తో అది తెలియదు. నా ఓటు కక్ష్య_రాత్రులు గారికే.

ఓబర్త్_లెక్కలు

ఇద్దరూ థ్రస్ట్ అంకె దగ్గరే ఆగిపోయారు. అసలు ఇబ్బంది టైమ్ వార్ప్‌ది.

చిన్న తోపుతో పైకి వెళ్తే దారి చుట్లు చుట్లుగా సాగుతుంది, డెల్టా-వి కూడా ఎక్కువ ఖర్చవుతుంది. భూమి దగ్గరి కక్ష్య నుంచి బయటపడటానికి ఒక్క ఊపులో అయితే సెకనుకు 3.2 కిలోమీటర్లు చాలు, చుట్లు తిరుగుతూ వెళ్తే 7.7 దాకా అవుతుంది. ఆటలో నిజం తోపు పెట్టి చూడండి. రెండు టన్నుల నౌకకి 90 మిల్లీన్యూటన్లు ఇస్తే కెర్బిన్ నుంచి బయటపడటానికి దాదాపు 5 కోట్ల సెకన్లు పడుతుంది. లక్ష రెట్లు వార్ప్ పెడితే మన టైమ్‌లో ఎనిమిది నిమిషాలే. కానీ ఆ వేగంలో ఒక్కో చుట్టు సెకనులో యాభయ్యో వంతులో అయిపోతుంది. అంటే స్క్రీన్ మీద ఒకటి రెండు ఫ్రేములు. అంతలో తోపు దిక్కు, నీడ, కరెంటు అన్నీ లెక్కేయడం ఏ ప్రోగ్రాముకైనా కష్టమే. అప్పట్లో వాళ్లు థ్రస్ట్ పెంచారంటే నేను తప్పుపట్టను.

సూర్యుడి చుట్టూ అయితే కథ వేరు. ఒక్కో చుట్టుకి నెలలు, ఏళ్లు పడుతుంది, లెక్క నింపాదిగా వేసుకోవచ్చు. ఈ ఆట రెండో భాగంగా 2023లో వచ్చిన కేఎస్‌పీ-2లో వార్ప్‌లో ఉండగానే ఇంజిన్ నడిచింది. మొదటి ఆటకి కూడా పర్సిస్టెంట్ థ్రస్ట్ అనే మోడ్ (ఆడేవాళ్లే తయారుచేసి ఆటకి తగిలించే అదనపు ప్రోగ్రాము) ఉంది.

కక్ష్య_రాత్రులు

ఓబర్త్_లెక్కలు గారూ, కెర్బిన్ దగ్గర చుట్ల సంగతి నాకు తట్టలేదు. అక్కడ మీ మాటే నిజం. అసలు డాన్ కూడా భూమి చుట్టూ అలా తిరగలేదు, డెల్టా-2 రాకెట్ దాన్ని నేరుగా భూమి పట్టు దాటించేసింది.

అందుకే నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. కెర్బిన్ దాటే వరకు మామూలు రాకెట్ ఇంజిన్, దాటాక 90 మిల్లీన్యూటన్ల అయాన్, వార్ప్‌లోనే బర్న్. కాగితం మీద లెక్కేశాను. సూర్యుడి చుట్టూ కెర్బిన్ తిరిగే వేగానికి, డ్యూనా (ఆటలో అంగారకుడి లాంటిది) తిరిగే వేగానికి తేడా సెకనుకు సుమారు 1,800 మీటర్లు. రెండు టన్నుల నౌకకి కెర్బిన్ లెక్కలో నాలుగేళ్ల పైన పడుతుంది, లక్ష రెట్ల వార్ప్‌లో ఏడు నిమిషాలు. మోహో_ప్రయాణికుడు, నీ ఎనిమిది నిమిషాల కంటే తక్కువే తమ్ముడూ!

మోహో_ప్రయాణికుడు

ఏడు నిమిషాలంటే నాకు సమ్మతమే. కానీ జూల్ (ఆటలో గురుగ్రహం లాంటిది) దగ్గరికి వెళ్తే ఎండ ఇరవై ఐదో వంతుకి పడిపోతుంది. అక్కడ ఆ 90 కూడా రావు కదా అన్నా?

కక్ష్య_రాత్రులు

రావు. డాన్ పలకలు కూడా భూమి దగ్గర 10 కిలోవాట్లు ఇచ్చేవి, సెరిస్ దూరంలో 1.3కి పడిపోయాయి. కరెంటు ఎంత తగ్గితే తోపు అంత తగ్గించుకుంటూ నడిచింది. ఆటలో కూడా అదే రావాలని నా కోరిక. ఈ శనివారం మోడ్ వేసి, థ్రస్ట్ అంకె మార్చి డ్యూనాకి పంపుతాను. సేవ్ ఫైల్ ఇక్కడే పెడతాను, మీరూ నడిపి చూడండి.