పన్నెండో స్థానంలో నిలిచిన బోర్డో రెండు శ్రేణులు ఎలా దిగింది?

ప్రశ్న:
2023-24లో బోర్డో ఫుట్‌బాల్ జట్టు ఫ్రాన్స్ రెండో శ్రేణి అయిన లీగ్ 2లో 12వ స్థానంలో నిలిచింది. మరుసటి సీజన్‌లో మాత్రం నాలుగో శ్రేణి అయిన నాసియోనాల్ 2లో ఆడింది. ఆరుసార్లు జాతీయ విజేత అయిన క్లబ్బు, వేసవి విరామంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండా, రెండు మెట్లు ఎలా దిగిందో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1:
ఫ్రాన్స్‌లో పాయింట్లతో వచ్చేది సగం అర్హతే. క్లబ్బులు తమ ఖాతాలనూ, వచ్చే ఏడాది బడ్జెట్‌నూ డీఎన్‌సీజీ అనే ఆర్థిక పర్యవేక్షణ సంఘం ముందు ఉంచి, లోటు ఉంటే దానిని ఎవరు పూడుస్తారో హామీలతో చూపాలి. వాటితో తృప్తి చెందకపోతే ఆ సంఘం జీతాల మొత్తానికి పరిమితి విధించవచ్చు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఆపవచ్చు, కింది శ్రేణికి కూడా పంపవచ్చు. బోర్డోను 2024 జూలైలో మూడో శ్రేణికి దించింది ఈ సంఘమే. లివర్‌పూల్ క్లబ్బు యజమాని అయిన ఫెన్‌వే స్పోర్ట్స్ గ్రూప్‌తో సాగిన అమ్మకపు చర్చలు విఫలమయ్యాక క్లబ్బు అప్పీలును వదులుకుని, 1937 నుంచి ఉన్న ప్రొఫెషనల్ హోదాను విడిచిపెట్టి, కోర్టు పర్యవేక్షణలోకి వెళ్లింది. రెండో మెట్టు దిగింది అప్పుడే.

జవాబు 2:
ఇది మరణశిక్ష కాదని స్ట్రాస్‌బూర్ చరిత్ర చెబుతుంది. 2011లో దివాలా తీసి ఐదో శ్రేణిలో మళ్లీ మొదలైన ఆ క్లబ్బు 2017 నాటికి అగ్రశ్రేణి అయిన లీగ్ 1కు చేరింది. అదే ఏడాది ఐదో శ్రేణి అయిన నాసియోనాల్ 3కి జారిన బాస్తియా 2021లో లీగ్ 2కు తిరిగి వచ్చింది. అప్పులను మోస్తూ పై శ్రేణిలో వేలాడడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం. అయితే ఈ రెండింటికీ అభిమానుల అండ గట్టిగా ఉందన్నది మరువరాదు.

జవాబు 3:
పై అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవించలేను, ఎందుకంటే ఈ కత్తెర పైకి ఎక్కేవారి మీద కూడా పడుతుంది. కొన్ని వందల జనాభా ఉన్న లుజెనాక్ గ్రామపు జట్టు 2014లో మూడో శ్రేణి అయిన నాసియోనాల్‌లో రెండో స్థానం సాధించి లీగ్ 2కు అర్హత పొందింది. మొదట ఆర్థిక కారణాలతో, కోర్టులో గెలిచాక స్టేడియం కారణంతో దానికి ప్రవేశం నిరాకరించారు. ఆ ఆటగాళ్లు లీగ్ 2లో లుజెనాక్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.