క్లాస్ బయట పాఠం చెప్పాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో డిగ్రీ ఫస్టియర్ పిల్లలకి జాగ్రఫీ చెప్తాను. వరదల చాప్టర్ పీపీటీలో చూపిస్తే ఫోన్‌లో ఫోటో తీసుకుంటారు, అంతే, పరీక్ష అయ్యాక ఏమీ గుర్తుండట్లేదు. ఈసారి మూసీ దగ్గరికి తీసుకెళ్దామని ఉంది, కానీ పిక్నిక్‌లా అయిపోకుండా ఏం చేయాలి? మార్కులెలా వేయాలి?

జవాబు 1: మేడమ్, ప్రశ్నలు మీరు ఇవ్వకండి, ముందురోజే పిల్లల్నే రాసుకురమ్మనండి, అసలు సంగతి అక్కడే ఉంది. ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో చింతచెట్టు దగ్గర తప్పకుండా ఆపండి, 1908 సెప్టెంబర్ వరదలో ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. కొమ్మల్ని చూసి, అటు నదిని చూసి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చుంటాయని వాళ్లే లెక్కలేస్తారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. "రెండు చెరువులు ఎందుకు కట్టారు" అని మీరు చెప్పేలోపే ఎవరో ఒకరు అడుగుతారు చూడండి.

జవాబు 2: నేనైతే చిన్న గ్రూపులు చేస్తా మేడమ్. ఒకళ్లు మ్యాప్ గీయాలె, ఇంకొకళ్లు అఫ్జల్‌గంజ్‌లో పాత దుకాణాలోళ్లతోని మాట్లాడాలె, కొందరు నీళ్ల రంగు, వాసన, ఒడ్డున చెత్త ఏముందో రాసుకోవాలె. రిపోర్టులు కాపీ కొడ్తరు కాబట్టి మార్కులు అక్కడికక్కడ రాసిన నోట్‌బుక్కుకే ఎయ్యండి. వాపసొచ్చినంక ఒక పీరియడ్ మొత్తం వాళ్లే మాట్లాడాలె, మీరు మధ్యల అందుకోవద్దు, అట్ల ఊకుండుడు కష్టమే గానీ.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అండీ. హాస్పిటల్ వాళ్ల పర్మిషన్ లెటర్ రేపే రాస్తా, ఆ గ్రూపుల ఐడియా కూడా పెట్టేస్తున్నా.