మచ్చ కరగదని తెలిసీ ఆ మందు వాడాలా?

సందేహం:
నాన్నగారికి ఐపీఎఫ్. కారణమేంటో తెలియకుండానే ఊపిరితిత్తుల్లో మచ్చ కణజాలం పేరుకుపోయే జబ్బు. నింటెడనిబ్ రాశారు. "ఉన్న మచ్చ పోదు, ముదరడం మాత్రం నెమ్మదిస్తుంది" అన్నారు డాక్టరుగారు. మొదలుపెట్టినప్పటి నుంచీ విరేచనాలు, తిండి చూస్తేనే వెగటు. మనిషి సగమైపోయారు. మానేద్దామని నేను, వద్దని తమ్ముడు. మీరేమంటారు?

మొండిఘటం:
మానేయండి. ఈ జబ్బుకి వాడే నింటెడనిబ్, పిర్ఫెనిడోన్ రెండూ అమెరికాలో 2014లోనే అనుమతి పొందాయి. ఇన్నేళ్లయినా నయం చేసే మందు రాలేదు. పామ్రెవ్లుమాబ్ అనే కొత్త మందు మీద ఎంత ఆశ పెట్టించారు! 2023లో చివరి దశ పరీక్షలో పనిచేయలేదని తేలింది. ఉన్నన్నాళ్లు కడుపునిండా తిననివ్వండి ఆయన్ని.

చిన్నడాక్టరు:
అంత తొందరొద్దు అన్నా. ఒక పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి గట్టిగా ఊదగలిగే గాలి ఏడాదికి సుమారు 240 మి.లీ. తగ్గింది, నింటెడనిబ్ వాడినవాళ్లకి 115. పోయిన గాలి తిరిగి రాదు కాబట్టి ఆ తేడా ఏటేటా పోగవుతుంది. మెట్లెక్కగలరా, ఎక్కలేరా అన్నది చివరికి దాని మీదే ఆధారపడొచ్చు.
విరేచనాలు నూటికి అరవైమందికి వచ్చిన మాట నిజమే, కానీ వాటి వల్లే మందు మానేసినవాళ్లు అయిదుగురి లోపే. 150 ఎంజీ పడకపోతే 100కి దించుతారు, తిండితోపాటు వేసుకోమంటారు, విరేచనాలకి లోపెరమైడ్ ఇస్తారు. ఇవేవీ చూడకుండానే మానేయడమా?

పక్కదారి:
కాలేయంలో మచ్చ కరుగుతోందిగా మరి! హెపటైటిస్ బి ఉన్నవాళ్లు టెనోఫోవిర్ అయిదేళ్లు వాడితే, సిర్రోసిస్‌తో, అంటే కాలేయం మచ్చలతో గట్టిపడిపోయిన దశతో, మొదలైనవాళ్లలో 74 శాతం మందికి ఆ దశ పోయింది.

చిన్నడాక్టరు:
అక్కడ వైరస్‌ని అణిచారు, దెబ్బ తగలడం ఆగింది, కాలేయం కోలుకుంది. ఐపీఎఫ్‌లో ఆపడానికి ఆ కారణమే తెలియదు. కొవ్వు కాలేయానికి 2024లో వచ్చిన రెస్మెటిరామ్ చూడండి. ఏడాదికి మచ్చ ఒక దశ తగ్గింది నూటికి సుమారు పాతికమందికే, ఉత్తుత్తి మాత్రతోనే 14 మందికి తగ్గింది. మేలే, కాదనను. మాయ మాత్రం కాదు.

పక్కదారి:
ఐపీఎఫ్‌కే ఏఐతో తయారుచేసిన రెంటోసెర్టిబ్‌తో ఊపిరి పెరిగిందన్నారే?

చిన్నడాక్టరు:
ఆ పరీక్షలో ఉన్నది 71 మంది, చూసింది 12 వారాలు. దాన్ని నమ్ముకుని ఇప్పుడున్న మందు మానేస్తామా! 2025 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చిన నెరాండోమిలాస్ట్ కూడా నెమ్మదింపజేసేదే. దానికీ విరేచనాల గొడవ ఉంది.

మొండిఘటం:
పరీక్షల్లో ఉన్నవాళ్లని దగ్గరుండి చూసుకుంటారు బాబూ. ఇంట్లో ఆ మనిషిని పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్లేది ఎవరు?

సందేహం:
నేనే. మోతాదు తగ్గించొచ్చని మాకెవరూ చెప్పలేదు. రేపు అడుగుతాను. 100తో కూడా ఇలాగే ఉంటే, ఇక నాన్నగారు ఏమంటే అదే.