మూడు వారాలు ఊరెళ్తే ఈ తవుడు డబ్బా ఏం చేయాలి?

క్యోటో వచ్చి రెండేళ్లయింది. మొదట్లో మిసో సూప్ వాసనకే ముఖం తిప్పుకున్నదాన్ని, ఇప్పుడు అన్నంలోకి నుకాజుకె, అంటే తవుడులో ఊరేసిన కూరగాయ ముక్క లేకపోతే ముద్ద దిగట్లేదు. మా ఊళ్లో గేదెలకి పెట్టే తవుడేనండీ, అందులో ఉప్పు, నీళ్లు, కొంబు అనే సముద్రపు నాచు, ఎండుమిర్చి వేసి కలిపి, పులిశాక కీరానో ముల్లంగినో పూడ్చిపెడితే మర్నాటికి పుల్లగా, కరకరలాడుతూ వస్తుంది. పక్కింటి బామ్మగారు తన డబ్బాలోంచి పిడికెడు పాత తవుడు తోడుకి ఇచ్చి, రోజూ చేత్తో అడుగుదాకా కలపమన్నారు.

సంక్రాంతికి మూడు వారాలు ఇంటికెళ్తున్నా. మొన్న రెండ్రోజులు కలపకపోతేనే పైన తెల్లటి పొర కట్టింది, నెయిల్ పాలిష్ లాంటి వాసన. ఫ్రిజ్‌లో పెడితే చాలా, పైన ఉప్పు మందంగా పరవాలా, ముక్కలన్నీ తీసేయాలా? ఎవరైనా ఇలా వదిలి వెళ్లారా? తవుడు పాడైందని ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు.